సున్నం పూయని లొట్టి

యాకమ్మకు కడగడం రెండు రకాలుగా వచ్చు.

మొదటిది అత్తగారింట్లో నేర్చుకుంది. తాటిచెట్టు మీది నుంచి దిగిన కల్లు లొట్టిని ఒక్కసారి నీళ్ళతో తొలిచి బోర్లించాలి, అంతే. అడుగున పట్టిన మడ్డిని గోటితో కూడా గీకకూడదు. రేపటి కల్లు పొంగాలంటే నిన్నటి మడ్డి అందులో ఉండాలి. లొట్టిని అద్దంలా తోమిన కోడలిని గీత పని చేసే ఇళ్ళల్లో ఎవరూ పనిమంతురాలని మెచ్చుకోరు. మొగుడి కష్టాన్ని చప్పగా చేసిందని దెప్పుతారు.

రెండోది హన్మకొండలో, కాలేజీ ల్యాబులో నేర్చుకుంది. సబ్బు, బ్రష్షు, యాసిడ్, ఆ తర్వాత ఏడు తడవలు నీళ్ళు, అది చాలదన్నట్టు ఇరవై నిమిషాలు ఆవిరిపెట్టెలో ఉడకబెట్టడం. కంటికి కనిపించని ప్రాణి ఒక్కటి కూడా గాజు మీద మిగలకూడదు. పదకొండేళ్ళు ఆమె పొద్దంతా ఈ రెండో రకంగానే కడిగి జీతం తీసుకుంది. మొదటి రకాన్ని మాత్రం మరిచిపోలేదు.

ఆమె ఊరు హసన్‌పర్తి దాటాక మూడు మైళ్ళు. భర్త మొండయ్య ఎండాకాలంలో నలభై చెట్లు గీసేవాడు. మాట తక్కువ మనిషి, చెట్టెక్కితే మాత్రం పైనుంచి పాటలు వినిపించేవి. డెబ్బై అయిదు ఏప్రిల్‌లో ఒక పొద్దున, నడుముకూ చెట్టుకూ కలిపి కట్టుకునే మోకు తెగింది. పాట సగంలో ఆగిందని యాకమ్మ చెప్పేది. ఆ రెండో సగం తనకు వచ్చినా ఎన్నడూ పాడేది కాదు.

కర్మ అయిన మర్నాడు మరిది సారయ్య ఆ చెట్టెక్కి, అన్న కట్టిన చివరి లొట్టిని దింపాడు. అది పొంగి పొర్లి, ఎండకు అంచులన్నీ తెల్లగా అట్టకట్టి ఉంది. కట్టినవాడు మట్టిలో కలిసినా కల్లు తన పని తాను చేసుకుపోయిందని చూసినవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. చెట్టు మీది నుంచి పడ్డవాడి లొట్టిని మళ్ళీ చెట్టుకు కట్టకూడదని ఆ ఊళ్ళో ఆచారం. పగలగొట్టాలి, లేదంటే పారేయాలి. యాకమ్మ ఆ రెండూ చేయలేదు. లోపలి కల్లు వంపి, కడగకుండానే మూతికి పాతగుడ్డ కట్టి, వంటింట్లో దూలానికి ఉట్టిలో వేలాడదీసింది. లొట్టి మెడ దగ్గర మొండయ్య తన గుర్తుగా కత్తితో గీసుకున్న మూడు గీతలున్నాయి. గుండె బరువెక్కినప్పుడు లొట్టి దింపి, గుడ్డ విప్పి వాసన చూసేది. ఎండిన మడ్డి వాసన, పులిసిన తాటి వాసన, పొద్దున్నే దిగివచ్చే మొండయ్య భుజం వాసన. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమెకు మిగిలిన ఆస్తి అదే.

మరుసటి ఏడు కాలేజీలో గాజుసామాను కడగడానికి మనిషి కావాలని ఒక దూరపు చుట్టం కబురు చెప్పాడు. యాకమ్మ మొదటి బస్సెక్కి వెళ్ళింది. ల్యాబు పెద్ద రాజేశ్వర్ రావు సారు. నెత్తి మీద నాలుగు వెంట్రుకలు, కింద ఒక పాత స్కూటరు, నాలుక మీద ఎప్పుడూ పెట్రోలు ధర. ఎక్కడో ఎడారిలో ఎవరో నూనె బావి మూత బిగిస్తే హన్మకొండ చౌరస్తాలో నా బండి ఎందుకు ఆగాలి అని ఆయన ఏడుపు. అడవిలో ఇప్పపువ్వు రాలి కుళ్ళిపోతోంది, చేలల్లో జొన్న చొప్ప ఎండిపోతోంది, వాటి తీపిని ఈస్టుకు తినిపించి స్పిరిట్ తీసి, దాన్ని పెట్రోలులో కలిపి బండ్లు నడపాలని ఆయన పట్టు. ఢిల్లీ నుంచి అందుకు కొంత డబ్బు కూడా తెచ్చుకున్నాడు.

మొదటి వారం అంతా గమనించి యాకమ్మ ఉండబట్టలేక అడిగింది.

“అంటే గుడుంబ కాసుడే గదా సార్?”

సారు నవ్వాడు. “గుడుంబనే. గాకపోతే మనిషి తాగడు, ఇంజను తాగుతది.”

స్పిరిట్ తీసే బట్టీకి సీలు వేయడానికి ఆబ్కారీ జవాను నెలకోసారి వచ్చేవాడు. చిన్నప్పటి నుంచి ఆ ఖాకీ బట్టలు కనిపిస్తే చాలు కల్లు కుండలు గడ్డివాములో దాచిన మనిషి యాకమ్మ. మొదటిసారి అతన్ని చూడగానే చేతిలోని గాజుగిన్నెలు కొంగు కింద పెట్టుకుని తలుపు చాటుకు నక్కింది. ఆ కథ ల్యాబులో అయిదేళ్ళు నడిచింది.

పని బాగానే సాగేది, ఫాల్గుణం దాకా. తర్వాత వరంగల్ ఎండ మొదలయ్యేది. బయటి నుంచి తెప్పించిన ఫ్యాక్టరీ ఈస్టు చల్లటి ఊళ్ళల్లో పెరిగిన బాపతు. కుండలో వేడి కాస్త పెరిగితే చాలు, అలిగిన అల్లుడిలా పని మానేసి అడుగున పడుకునేది. చల్లబరుద్దామంటే తాగడానికే నీళ్ళు లేని రోజులు. సారుకు ఒకరోజు మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడే ఎండలో, తాటిచెట్టు మీద లొట్టిలో కల్లు నురగలు కక్కుతూ పొంగుతుంది. అంటే ఎండకు జంకని ఈస్టు ఆ లొట్టిలోనే ఉంది. దాన్ని పట్టుకుని, దానికి ఇంకా కొంచెం చదువు చెబితే చాలు. వెంటనే యాకమ్మను పిలిచి ఊరి నుంచి కల్లు తెమ్మన్నాడు. శుభ్రంగా తేవాలని, వేరేదేదీ కలవకూడదని మరీమరీ చెప్పాడు.

అక్కడే పప్పులో కాలు పడింది. యాకమ్మ ఊళ్ళో డాక్టరు అడిగినా, దొర అడిగినా, కడుపుతో ఉన్న ఆడబిడ్డ అడిగినా పాత లొట్టి కల్లు ఇవ్వరు. కొత్త లొట్టి తీసుకుని, తోమి, లోపల సున్నం పూసి చెట్టుకు కడతారు. సున్నం ఉంటే కల్లు పులవదు, పాలలా తియ్యగా దిగుతుంది. అది మర్యాద. యాకమ్మ సారు మీద గౌరవం కొద్దీ సారయ్య చేత లొట్టిని మూడుసార్లు తోమించింది, సున్నం రెండు పూతలు పూయించింది, ఎండ తగలకుండా తడిగుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకుని మొదటి బస్సులో తెచ్చింది. ల్యాబులో అందులోంచి ఏమీ మొలవలేదు. రెండోసారి ఇంకా శుభ్రంగా తెమ్మన్నారు. ఆమె సున్నం మూడు పూతలు చేయించింది. సారు దగ్గర పరిశోధన చేసే శ్రీనివాస్ అనే కుర్రాడు పాలకుర్తి వెళ్ళాడు, తొర్రూరు వెళ్ళాడు. ప్యాంటు వేసుకున్న చదువుకున్న పిల్లాడు వచ్చాడని అక్కడి గౌడులు కూడా సున్నం లొట్టిలే దింపారు. కడుపు నిండా తియ్యటి కల్లు తాగి వచ్చేవాడు గానీ, ట్యూబుల్లో మాత్రం ఏమీ పెరిగేది కాదు. అలా రెండు ఎండాకాలాలు మర్యాదలోనే గడిచిపోయాయి.

డెబ్బై ఎనిమిది ఆగస్టులో ఒకరోజు శ్రీనివాస్ ఆమెకు సరదాగా మైక్రోస్కోపులో ఫ్యాక్టరీ ఈస్టును చూపించాడు. గుండ్రంగా, పక్కన చిన్న బుడిపెలతో, పిల్లలను చంకనేసుకున్న తల్లుల్లా ఉన్నాయి. ఇవెక్కడ ఉంటాయని ఆమె అడిగింది. తెల్లటి మడ్డిలా అడుగున దిగుతాయని అతను చెప్పాడు. సున్నం తగిలితే ఏమవుతుందని అడిగింది. బతకవన్నాడు. యాకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, వెంటనే భయపడి, సారు దగ్గరికి పోయి మూడు పూతల సంగతి ఒప్పుకుంది. సారు తల పట్టుకున్నాడు. తర్వాత ఆయన కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వులో పస లేదు. ఎండాకాలం ఎప్పుడో దాటిపోయింది. వానాకాలపు కల్లులో దొరికిన ఈస్టు వేడి పెడితే చచ్చిపోయింది. నెల తిరిగేలోపు ఏదో ఒకటి చూపించకపోతే ఢిల్లీవాళ్ళు డబ్బు ఆపేస్తారు. ఎండాకాలం వాడిన పాత లొట్టి, కడగనిది ఒక్కటి దొరికినా చాలని ఆయన గొణుక్కున్నాడు. ఊళ్ళో అలాంటివి ఏం మిగులుతాయి? కల్లు ఆగగానే లొట్లు పగిలిపోతాయి, పిల్లలు గురిపెట్టి కొడతారు, కోళ్ళు గుడ్లు పెడతాయి.

యాకమ్మ గ్లాసులు కడుగుతూ ఆ గొణుగుడు విన్నది.

ఎనిమిది రోజులు ఆమెకు అన్నం సయించలేదు. లొట్టి ఇస్తే గీకుతారు. గీకితే మొండయ్య పోతాడు. ఇవ్వకపోతే సారు పని పోతుంది, తన కొలువూ పోతుంది. కొలువు గురించి ఆమె పెద్దగా ఆలోచించలేదు. ఎంత గడ్డుకాలమైనా గడవక మానదని ఆమెకు తెలుసు. ఆమెను కుదురుగా ఉండనీయనిది వేరే ఊహ. ఆ మడ్డిలో నిజంగా ఏదైనా ప్రాణంతో ఉంటే? మొండయ్య కట్టిన కల్లు ఇంకా ఎదురుచూస్తూ ఉంటే? తొమ్మిదో రోజు ఉట్టి దింపింది.

“గీకుండ్రి సార్,” అంది లొట్టిని బల్ల మీద పెట్టి. “గని కడగొద్దు. అది మా ఆయన కట్టిన ఆఖరుది.”

సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లొట్టిని రెండు చేతులతో అందుకున్నాడు. చిన్న చెంచాతో అడుగున చిటికెడు మడ్డి గీకి తియ్యటి రసంలో వేసి, వేడిపెట్టెలో పెట్టారు. ఒకటో రోజు ఏమీ లేదు. రెండో రోజూ, మూడో రోజూ అంతే. నాలుగో రోజు పొద్దున యాకమ్మే మొదట తలుపు తీసింది. గాజుసీసా పైన సన్నటి నురగ తేలి ఉంది. సీసా చెవి దగ్గర పెట్టుకుంది. సన్నగా చిటచిటమంది. పదిహేనేళ్ళు లొట్టి చెవి దగ్గర పెట్టుకున్న మనిషికి ఆ చప్పుడు ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. సారు వచ్చేదాకా ఆమె అక్కడే, ఆ సీసా పట్టుకుని నిలబడి ఏడుస్తూ ఉంది.

ఆ ఈస్టు నలభై రెండు డిగ్రీల వేడిలోనూ పని చేసింది. సారు దానికి ఎం-3 అని పేరు పెట్టాడు. ఎం అంటే మొండయ్య, మూడు అంటే లొట్టి మీది గీతలు. ఢిల్లీకి రాసిన రిపోర్టులో ఆ పేరు ఎందుకు పెట్టాడో మాత్రం రాయలేదు.

వారం తర్వాత శ్రీనివాస్ న్యూస్‌పేపరులో చుట్టిన లొట్టిని యాకమ్మ చేతిలో పెట్టాడు. సంతోషంతో అతని ముఖం వెలిగిపోతోంది. ఆమె విప్పి చూసింది. లొట్టి కొత్తదానిలా మెరుస్తోంది. యాసిడ్ పోసి, బ్రష్షు పెట్టి, ఏడు తడవలు నీళ్ళతో కడిగాడు. అంత గొప్ప సాయం చేసిన మనిషికి మురికి కుండ ఎలా తిరిగి ఇస్తామని తానే కూర్చుని కడిగానని చెప్పాడు. కడగొద్దని ఆమె అన్నప్పుడు అతను ఆ గదిలో లేడు. యాకమ్మ లొట్టి తీసుకుని వెనక గదిలోకి పోయి అందులో ముఖం పెట్టింది. ఏ వాసనా లేదు. మొండయ్య రెండోసారి చచ్చిపోయినట్టు ఆమె కుమిలిపోయింది. కాసేపటికి తాను పూయించిన మూడు పూతల సున్నం గుర్తొచ్చింది. తానూ గౌరవం కొద్దీనే కదా అంతా చంపి తెచ్చింది? ముఖం తుడుచుకుని బయటికి వచ్చింది.

“మంచిగ కడిగినవ్ బిడ్డా,” అంది.

శ్రీనివాస్‌కు సంగతి తెలిసింది ఏడాది తర్వాత. తెలిశాక అతను ఆమె ముఖం చూడలేక మూడు రోజులు ల్యాబుకు రాలేదు.

అప్పటి నుంచి ఎం-3 ట్యూబుల బాధ్యత యాకమ్మ ఎవరికీ ఇవ్వలేదు. లొట్టి ఖాళీ అయింది గనక మొండయ్య ఇక ఉన్నదల్లా ఆ ట్యూబుల్లోనే. పాత ట్యూబులోంచి తీగమొనతో చిటికెడు తీసి కొత్త ట్యూబులో గీయడం శ్రీనివాస్ దగ్గర నేర్చుకుంది. నెలకు రెండుసార్లు తప్పేది కాదు. పండుగలు వచ్చాయి, సమ్మెలు వచ్చాయి, ఒకసారి కర్ఫ్యూ కూడా వచ్చింది. కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే ఐసు గడ్డ కొని, రంపపు పొట్టులో చుట్టి నెత్తిన పెట్టుకుని తెచ్చేది. జీతం ఇచ్చేది గ్లాసులు కడగడానికి కదా అని ఎవరో ఆటపట్టిస్తే, మొగుణ్ణి సాకడానికి జీతం ఎవరిస్తారని ఎదురు ప్రశ్న వేసేది.

సారు ఆ ఈస్టుకు చదువు మొదలుపెట్టాడు. నీలిలైటు కింద పెట్టి కాల్చేవారు. లక్షల్లో ఏ పదో ఇరవయ్యో బతికేవి, కొద్దిగా మారిపోయి బతికేవి. వాటిని ఇంకా వేడిలో, ఇంకా ఘాటైన స్పిరిట్‌లో పెంచి, తట్టుకున్నదాన్ని ఏరి, మళ్ళీ లైటు కింద పెట్టేవారు. పంతులు తొడపాశం పెట్టి ఎక్కాలు నేర్పినట్టే ఉందని యాకమ్మ సణిగేది. ఆ లైటు వెలిగించినప్పుడల్లా గదిలోంచి వెళ్ళిపోయేది. కానీ ఫలితం దక్కింది. నాలుగేళ్ళు తిరిగేసరికి లైటు కింద మారిన ఈస్టు మొదటిదాని కంటే ఒకటిన్నర రెట్లు స్పిరిట్ ఇచ్చింది. ఫ్రిజ్‌లో పై వరుసలో అసలు మొండయ్య, కింది వరుసల్లో చదువుకున్న మొండయ్యలు.

ఎనభై రెండు మే నెల, మంచి ఎండ. కాలేజీ వెనక బావి దగ్గర పాత పెట్రోలు ఇంజను పెట్టారు. ఇప్పపువ్వు నుంచి తీసిన స్పిరిట్‌ను పెట్రోలులో కలిపి పోశారు. తాడు లాగితే మొదటిసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, మూడోసారి అందుకుంది. పైపులోంచి నీళ్ళు దూకాయి. సారు చొక్కా తడుస్తున్నా పక్కకు జరగలేదు. యాకమ్మ ఆ నీళ్ళు దోసిట్లో పట్టుకుని తాగింది.

“చెట్లెక్కి మా ఆయన ఊరందరికి కల్లు తాపిండు,” అంది శ్రీనివాస్‌తో. “ఇప్పుడు చూడు, నీళ్ళు గూడ తోడుతాండు.”

ఆ ఇరవై నిమిషాలు ఆ ల్యాబు జీవితంలో పండుగ. తర్వాత పేపర్లో నాలుగు ముక్కలు వచ్చాయి, ఢిల్లీ నుంచి ఎవరో వచ్చి తలూపి వెళ్ళారు. అంతకు మించి ఏమీ జరగలేదు. తర్వాత ఎడారిలో ఎవరో నూనె బావి మూత తీశారు. ధర పడిపోయింది. ఇప్పపువ్వుతో ఎవరికీ పని లేకపోయింది. సారుకు రిటైర్మెంటు దగ్గరపడింది, శ్రీనివాస్ చదువు ముగించి వెళ్ళిపోయాడు. ఎనభై ఏడు మార్చి నెలాఖరుకు ప్రాజెక్టు మూసేయాలని, ట్యూబులన్నీ ఆవిరిపెట్టెలో పెట్టి చంపేసి గది ఖాళీ చేయాలని ఉత్తర్వు వచ్చింది. ఆ చంపే పని, రోజూలాగే, యాకమ్మది.

ఆఖరి రోజు సారు ఆమెను పిలిచి రెండు ట్యూబులు బల్ల మీద పెట్టాడు. ఒకటి లైటు కింద మారి మారి వచ్చిన చివరిది. అలాంటిదే ఒకటి ఢిల్లీకి పార్సిలు చేశాడు, వాళ్ళు దాచుకుంటారో పారేస్తారో ఆయనకు తెలియదు. రెండోది పై వరుసలోది, లొట్టిలోంచి వచ్చిందానికి వారసు. ఉత్తర్వు ప్రకారం రెండూ పోవాలి. ఒక్కటి పోకపోతే లెక్క చూసేవాడెవడూ లేడని, ఏది కావాలో తీసుకోమని చెప్పాడు. ఇన్నేళ్ళ కష్టమంతా మొదటి ట్యూబులో ఉందని, అది గొప్పదని కూడా చెప్పాడు.

“గొప్పోడు నాకెందుకు సార్,” అంది యాకమ్మ. “నా మొగడు ఎట్లుండెనో గట్లనే ఇయ్యండ్రి.”

పాత ట్యూబును కొంగున ముడేసుకుంది. మిగిలినవన్నీ తానే పెట్టెలో సర్ది, మూత బిగించి, ఇరవై నిమిషాలు పక్కనే కూర్చుంది. ఆవిరి కూత పెట్టినప్పుడు చెవులు మూసుకోలేదు. చల్లారాక ట్యూబులన్నీ సబ్బుతో, బ్రష్షుతో, ఏడు తడవలు కడిగి బోర్లించింది. సారు గుమ్మంలో నిలబడి చూస్తూ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆమె తాటివనానికి పోయింది. వదినె వస్తుందని తెలిసి సారయ్య అప్పటికే ఒక కొత్త లొట్టికి సున్నం కలుపుతున్నాడు. పట్నంలో కొలువు చేసిన ఆడమనిషి, తియ్యటి కల్లు తాగించి పంపాలని అతని ఆరాటం. యాకమ్మ ఆ సున్నపు గిన్నెను పక్కకు జరిపింది. సంచిలోంచి మూడు గీతల లొట్టి తీసింది. కొంగు విప్పి, సారయ్య అప్పుడే దింపిన తియ్యటి కల్లు రెండు గుక్కలు ట్యూబులో పోసి ఆడించి, ఆ లొట్టి అడుగున వంపింది.

లొట్టి గుర్తుపట్టి సారయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. పడ్డోని లొట్టి చెట్టుకు కట్టొద్దని, అరిష్టమని గొణిగాడు.

“మీ అన్న పడ్డడు సారయ్యా. గని సావలేదు. తొమ్మిదేండ్ల సంది నేనే సాకుతాన. సున్నం పెట్టకు, కట్టు.”

సారయ్య ఆమె ముఖం చూశాడు. లొట్టి అందుకుని కళ్ళకద్దుకున్నాడు. మోకు రెండుసార్లు లాగి చూసుకుని చెట్టెక్కాడు.

మరుసటి రోజు ఎండ నడినెత్తికి వచ్చేవేళకు లొట్టి దింపితే, నురగ అంచులు దాటి మూడు గీతల మీదుగా జారుతోంది. యాకమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత ముఖం దగ్గర పెట్టుకుంది. పన్నెండేళ్ళుగా ముట్టని కల్లు ఆకుదొప్పలో పోసుకుని తాగింది. మిగిలింది వనంలో ఉన్నవాళ్ళందరికీ వంచింది. సారయ్య తక్కిన లొట్లన్నీ వరుసగా తెచ్చి పెడితే, ఒక్కోదాంట్లో ఆ లొట్టి మడ్డి చిటికెడు వేసింది.

అందరూ వెళ్ళిపోయాక మూడు గీతల లొట్టిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ వినపడనంత మెల్లగా పాట రెండో సగం పాడింది. పాడుతూనే లొట్టిలో కాసిని నీళ్ళు పోసి, ఒక్కసారి తొలిచి బోర్లించింది.